సంతకానికి ముందు

పోయిన నెలలో ఒక ఆదివారం సాయంత్రం వెల్లింగ్‌బరో నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. మా ఆఫీసులోనే వేరే టీములో పనిచేస్తాడు. వాళ్ళది ఖమ్మం. 2,48,000 పౌండ్లకి ఒక ఇల్లు మాట్లాడుకున్నాడు. కాగితాల పని అంతా అయిపోయింది, ఇంకో పన్నెండు రోజుల్లో సంతకాలు. "అన్నా, ఇప్పుడు చివర్లో ఒక ఏడు వేలు తగ్గించమంటే తగ్గిస్తారంట గదా. మీరు గూడా అట్లనే కొన్నారంట. అప్పుడు ఏమని మెయిల్ పెట్టారో, అది కొంచెం ఫార్వర్డ్ చేస్తారా?" అని అడిగాడు.

రేపు చెప్తానని ఫోన్ పెట్టేశాను. ఆ మెయిల్ నా దగ్గర ఇంకా ఉంది. నాలుగు వాక్యాలు. మర్యాదగా, ఎవరూ వేలు పెట్టి చూపించడానికి వీల్లేకుండా ఉంటాయి. మూడేళ్ళుగా నన్ను కుదురుగా ఉండనివ్వనివి కూడా ఆ నాలుగు వాక్యాలే.

మేముండేది కెటరింగ్‌లో. నార్తాంప్టన్‌షైర్‌లో అరవై వేల చిల్లర జనాభా ఉన్న ఊరు. లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్లో రైలెక్కితే గంట ప్రయాణం. ఒకప్పుడు దేశానికి బూట్లు కుట్టిపెట్టిన జిల్లా ఇది. మా పేటలో ఎర్ర ఇటుకల ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని వరసగా ఉంటాయి. మధ్య మధ్యలో పెద్ద పెద్ద కిటికీల పాత బూట్ల ఫ్యాక్టరీలు. ఇప్పుడవి ఫ్లాట్లు అయ్యాయి. ఇళ్ళ వెనక ఉండే సన్నటి సందుని ఇక్కడివాళ్ళు 'జిట్టీ' అంటారు. కొట్లో చిల్లర తిరిగిచ్చే ఆవిడ ముక్కూమొహం తెలియనివాణ్ణి కూడా 'మీ డక్' అని పిలుస్తుంది. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు ఎవరైనా అలా పిలవకపోతే ఏదో తక్కువైనట్టుంటుంది.

ఈ ఊరికీ తెలుగుకీ ఒక సంబంధం ఉంది. 1792 అక్టోబర్ 2న ఇక్కడ వాలిస్ అనే ఒక వితంతువు ఇంట్లో కొద్దిమంది కూర్చుని బాప్టిస్టు మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. ఆ రోజు జమ అయినది 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. చేతికొచ్చిన డబ్బు కూడా కాదది, ఇస్తామన్న మాట. అందులో ఉన్న విలియం కేరీ ఈ జిల్లాలోనే చెప్పులు కుట్టిన మనిషి. తర్వాత శ్రీరాంపూర్ వెళ్ళి, 1814లో తెలుగు వ్యాకరణం ఒకటి అచ్చు వేశాడు. ఇంటి కోసం తిరిగే రోజుల్లో నాకీ సంగతి తెలిసి, మా ఆవిడకి గొప్పగా చెప్పాను. అప్పుడు నా కళ్ళు తెలుగు వ్యాకరణం మీదే ఉన్నాయి. ఇస్తామన్న మాట అన్నచోట ఆగాలని తోచలేదు.

ఇంగ్లండ్‌లో ఇల్లు కొనడం ఎలా జరుగుతుందో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మీరు ఇల్లు చూసి ఒక ధర చెప్తారు. అమ్మేవాళ్ళు సరేనంటారు. ఏజెంటు ఇంటి ముందున్న బోర్డు మీద 'సోల్డ్, సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్' అని అంటిస్తాడు. అమ్ముడైంది, కానీ కాంట్రాక్టుకి లోబడి. అంటే నిజానికి అమ్ముడవలేదు. ఆ తర్వాత మూడు నాలుగు నెలలు బ్యాంకువాళ్ళ లెక్కలు, సర్వే, కౌన్సిల్లో వెతుకులాటలు, రెండు వైపులా సొలిసిటర్ల ఉత్తరాలు. చివరికి ఒకరోజు ఇద్దరూ సంతకాలు చేసిన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకుంటారు. దాన్ని ఎక్స్‌చేంజ్ అంటారు. మామూలుగా పదో వంతు డిపాజిట్ కట్టేదీ, వెనక్కి వెళ్తే నష్టపోయేదీ ఆ రోజు నుంచే. అంతకు ముందు అమ్మేవాళ్ళు ఇంకొకరు ఎక్కువిస్తామంటే మిమ్మల్ని వదిలేయొచ్చు. దాన్ని గజంపింగ్ అంటారు. మీరు ఆఖరి నిమిషంలో ధర తగ్గించమని పట్టుపట్టొచ్చు. అది గజండరింగ్. రెండింటినీ అందరూ తిడతారు. రెండూ చట్టబద్ధమే.

మనవైపు బయానా ఇచ్చి, తెల్లకాగితం మీదైనా ఒక అగ్రిమెంటు రాసుకుంటాం. ఇక్కడ ఇంటి బేరంలో నోటిమాట చెల్లదు. షరతులన్నీ కాగితం మీద ఉండాలి, ఇద్దరి సంతకాలూ ఉండాలి అని 1989 నాటి చట్టం చెప్తోంది. దాని మూలం 1677 నాటి ఇంకో చట్టంలో ఉంది. దొంగ సాక్షులని తెచ్చి "ఫలానావాడు నాకు అమ్ముతానని మాటిచ్చాడు" అని కోర్టుకెక్కేవాళ్ళని ఆపడానికి పెట్టారు దాన్ని. ఇవ్వని మాటని ఇచ్చారని చెప్పకుండా ఆపిన కట్టడి, నిజంగా ఇచ్చిన మాటని కూడా లెక్కలోంచి తీసేసింది. సరేనన్న రోజుకీ సంతకం రోజుకీ మధ్య ఆ మూడు నాలుగు నెలలూ మనిషిని పట్టి ఉంచేది ఏమీ ఉండదు.

2022 ఆగస్టు మొదట్లో మేము ఆ ఇంటికి 2,35,000 చెప్పాం. అమ్మే ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. భర్త పోయి రెండేళ్ళయింది. పీటర్‌బరో దగ్గర కూతురుంటుంది, ఆ పక్కనే ఒక చిన్న బంగళా కొనుక్కుని వెళ్ళిపోదామని ఆవిడ ఆలోచన. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు మా పాపకి బిస్కెట్ ఇచ్చింది. మెట్ల పక్క గోడ మీద పెన్సిల్ గీతలు చూపించి, ఇవి మా అమ్మాయి ఎత్తు, రంగు వేసినా ఇక్కడ మాత్రం వదిలేస్తూ వచ్చాను అంది. మేము చెప్పిన ధరకి మర్నాడే సరేనంది. ఇంటిని మార్కెట్లోంచి తీసేయాలని నేను ఏజెంటుని అడిగాను, తీసేశారు. మూడున్నర చిల్లర వడ్డీకి ఐదేళ్ళ ఫిక్స్‌డ్ మార్ట్‌గేజ్ ఖాయమైంది. రెండో వారంలో ఏజెంటు ఫోన్ చేసి, ఇంకెవరో లండన్ నుంచి వచ్చి ఐదు వేలు ఎక్కువిస్తామన్నారనీ, ఆవిడ "నేను ఆ చిన్నపాప వాళ్ళకి చెప్పేశాను" అని వద్దందనీ, మీరు కాగితాలు తొందరగా కానివ్వండనీ చెప్పాడు. ఏజెంట్లు చెప్పే మాటలే అనుకున్నాను.

సెప్టెంబర్ 23న ఇక్కడి ఆర్థికమంత్రి మినీ బడ్జెట్ పెట్టాడు. ఆ తర్వాత రెండు వారాలు గుర్తున్నవాళ్ళకి గుర్తుంటాయి. బ్యాంకులు వందలకొద్దీ మార్ట్‌గేజ్ పథకాలు వెనక్కి తీసుకున్నాయి. అక్టోబర్ మొదటి వారానికి కొత్త రెండేళ్ళ ఫిక్స్‌డ్ అప్పు సగటు వడ్డీ 6 శాతం దాటింది. కొనేవాళ్ళు మాయమయ్యారు. మాకు మాత్రం పాత వడ్డీ ఖాయమై ఉంది. మా ఖర్చు ఒక్క పౌండు కూడా పెరగలేదు. ఈ మాట నేను దాచదలుచుకోలేదు, ఎందుకంటే చాలామందికి ఉన్న సాకు నాకు లేదు.

ఇక్కడ నాకు పెద్ద దిక్కు లాంటి ఒక అన్న ఉన్నాడు. పాతికేళ్ళ కిందట వచ్చి, మూడు ఇళ్ళు కొని, రెండు అద్దెకిచ్చినవాడు. నాకు మొదటి ఉద్యోగం పోయినప్పుడు నెలన్నర వాళ్ళింట్లో పెట్టుకున్నాడు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనుకోకూడదు. "తమ్ముడూ, ఇప్పుడు ఆ ముసలావిడకి నువ్వు పోతే ఇంకో మనిషి దొరకడు. ఆరు శాతం వడ్డీకి ఎవడొస్తాడు? అవతల ఆవిడ కొనే బంగళా కూడా పోతుంది. పదిహేను అడుగు, పదికి దిగుతుంది. ఇందులో తప్పేం లేదు, ఈ దేశంలో పద్ధతే ఇది" అన్నాడు. ఎక్స్‌చేంజ్‌కి ఇంక వారం ఉందనగా నేను ఏజెంటుకి మెయిల్ పెట్టాను. మారిన మార్కెట్ పరిస్థితుల దృష్ట్యా, సర్వేలో వచ్చిన అంశాల దృష్ట్యా, మేము 2,25,000కి మాత్రమే ముందుకు వెళ్ళగలమని. సర్వేలో ఉన్నవి పైకప్పు పెంకులూ, వంటింటి గోడలో కాస్త చెమ్మా. రెండూ ఆగస్టులోనే నా కళ్ళతో చూశాను.

రెండు గంటల్లో జవాబొచ్చింది. సరేనంది.

నవంబర్లో తాళాలు తీసుకుని వెళ్ళేసరికి వంటింటి బల్ల మీద ఒక కవరు ఉంది. వెనకవైపు పెన్నుతో రాసిన జాబితా. మంచినీళ్ళ కట్టు సింకు కింద ఎడమవైపు. వెనక తలుపు కొంచెం పైకెత్తి తాళం తిప్పాలి. చెత్తడబ్బాలు శుక్రవారం, గురువారం రాత్రే జిట్టీలో పెట్టాలి. గులాబీలని ఫిబ్రవరి దాకా కత్తిరించొద్దు. చివరి అంశం, పక్కింటాయన తన చెత్తడబ్బా మన పెరట్లోంచి తీసుకెళ్తాడు, ఆయనకి ఆ హక్కు దస్తావేజుల్లోనే ఉంది, అయినా ఎప్పుడూ గేటు తట్టే వస్తాడు. డబ్బు గురించి ఒక్క మాట లేదు.

నిజంగానే తడతాడు. వరస మధ్యలో ఉన్న ఇల్లు కాబట్టి ఆయన పెరట్లోంచి జిట్టీకి దారి లేదు, మా పెరట్లోంచే పోవాలి. మా సొలిసిటర్ పంపిన కాగితాల్లో ఆ దారి హక్కు స్పష్టంగా ఉంది. రాత్రీ పగలూ ఎప్పుడైనా, ఎవర్నీ అడక్కుండా నడవొచ్చు. మొదటి గురువారం ఆయన గేటు రెండుసార్లు తట్టి నిలబడితే, తట్టక్కర్లేదు, మీ హక్కు కదా అని మర్యాదకి అన్నాను. "హక్కే. కానీ ఇల్లు మీది" అన్నాడు. రిటైరైన లారీ డ్రైవరు. ఆయన తత్వశాస్త్రం చెప్పడానికి అనలేదు. డబ్బా తోసుకుంటూ అన్నాడు.

చట్టం ఇచ్చిన హక్కుని ఆయన పూర్తిగా వాడుకోడు. చట్టం వదిలేసిన ఖాళీని నేను పూర్తిగా వాడుకున్నాను. పక్కపక్క ఇళ్ళు.

ఇంజనీర్ని కాబట్టి వాదనలన్నీ వరసగా పెట్టుకుని చూసుకునే అలవాటు. నా తరఫు వాదన అంత బలహీనమైందేమీ కాదు. డేవిడ్ హ్యూమ్ 1739-40లో రాసిన పుస్తకంలో అంటాడు, వాగ్దానానికి సహజంగా ఏ బలమూ లేదు, ఫలానా మాటలు అంటే కట్టుబడాలని మనుషులు తమ అవసరం కోసం ఏర్పరచుకున్న కట్టుబాటే దానికి బలం అని. అలా చూస్తే ఇక్కడి కట్టుబాటే 'కాంట్రాక్టుకి లోబడి' అని ముందే చెప్తోంది. నేను ఒప్పుకున్నది ఒప్పుకోలు కాదని ఇద్దరికీ తెలుసు. బోర్డు మీద రాసి ఉంది. ఆవిడ కూడా నన్ను వదిలేయగలదు. ఇద్దరికీ తెలిసిన ఆటలో, ఇద్దరికీ ఉన్న ఎత్తు వేస్తే మోసం ఎలా అవుతుంది?

చాలాకాలం ఈ వాదనతోనే నెట్టుకొచ్చాను. దీన్ని గండికొట్టింది అమెరికన్ తత్వవేత్త స్కాన్లన్. 1998లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉన్నది నాకు అర్థమైనంతలో ఇది: మాట ఇచ్చావా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. అవతలి మనిషి నిన్ను నమ్ముకుని నడుచుకునేలా నువ్వు తెలిసి తెలిసి చేశావా? చేస్తే, ఆ నమ్మకానికి నువ్వు బాకీ. ఇది చదివిన రోజు నాకు గుర్తొచ్చింది ఒక్కటే. ఇంటిని మార్కెట్లోంచి తీసేయమని అడిగింది నేను. అంటే ఇంకెవర్నీ చూడొద్దు, నన్నే నమ్ముకో అని అడిగాను. ఆవిడ అలాగే చేసింది. వెనక్కి పోయే దారులు ఆవిడకి ఒక్కొక్కటే మూసుకుపోయాక, నాకున్న దారి గుర్తొచ్చింది. ఇద్దరికీ ఒకే ఎత్తు ఉందన్నది కాగితం మీద నిజం. ఆగస్టులో ఆవిడకి ఐదు వేల అవకాశం వచ్చినప్పుడు ఆ ఎత్తు వెయ్యలేదు. అక్టోబర్లో నాకు వచ్చినప్పుడు నేను వేశాను.

ఆ లండన్ వాళ్ళ సంగతి ఏజెంటు కల్పన కాదని పక్కింటాయన వల్లే తెలిసింది. ఇంగ్లండ్‌లో 1995 నుంచి ఏ ఇల్లు ఎంతకి అమ్ముడైందో ల్యాండ్ రిజిస్ట్రీ అందరికీ కనపడేలా పెడుతుంది. వీధి పేరు కొడితే చాలు. 2023 వేసవిలో ఒక సాయంత్రం ఆయన కంచె అవతలి నుంచి, మీకు 2,25,000కి వచ్చిందట కదా, మంచి బేరమే అన్నాడు. ఎత్తిపొడుపు లేదు. మా వీధిలో ధరలు వర్షం లాంటి కబుర్లే. ఆ మాటల్లోనే ఐదు వేలు ఎక్కువిస్తామన్నవాళ్ళ గురించి చెప్పాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆవిడకి మోకాళ్ళు బాగుండవు. కొత్త బంగళాలో స్నానాల తొట్టి తీసేయించి, గడప లేకుండా నేరుగా నడిచి వెళ్ళే షవర్ గది కట్టించుకుందామని అనుకుందట. చివర్లో డబ్బు సరిపోక మానుకుందట. కూతురింటికి వెళ్ళి స్నానం చేస్తోందట.

అంతవరకూ ఆ పది వేలు నాకు ఒక అంకె. ముప్ఫై ఏళ్ళ అప్పు మీద నెలకి 45 పౌండ్లు. కుటుంబంతో ఒకసారి బయట తింటే అయిపోయే డబ్బు. ఆ సాయంత్రం నుంచి అది ఒక గడప.

మా నాన్నకి ఈ సంగతి చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది. కారణం ఉంది. 2014లో మాకు మంగళగిరి దగ్గర రెండొందల గజాల స్థలం ఉండేది. నా చదువు అప్పు తీర్చడానికి నాన్న దాన్ని జూన్‌లో అమ్మకానికి పెట్టి, బయానా యాభై వేలు తీసుకున్నాడు. సెప్టెంబర్లో రాజధాని విజయవాడ పరిసరాల్లో వస్తుందని ప్రకటించారు. ఆ చుట్టుపక్కల ధరలకి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. బయానాకి రెట్టింపు మొహాన కొట్టి బేరం వదిలించుకోమని బంధువులందరూ చెప్పారు. చాలామంది అదే చేశారు కూడా. నాన్న పాత ధరకే రిజిస్టర్ చేశాడు. అప్పటికి నేను హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఫోన్‌లో ఆయన మీద అరిచాను. నీ మంచితనానికి వడ్డీ కట్టేది నేను అన్నాను.

పోయినేడాది సెలవలకి వెళ్ళినప్పుడు వరండాలో కూర్చుని నా ఇంటి కథంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. లేకపోతే 'అక్కడి పద్ధతి అదైతే నువ్వేం చేస్తావురా' అని ఊరడిస్తాడని ఆశపడ్డాను. ఆయన ఒకటే అడిగాడు. "ఆవిడ్ని నువ్వే అడిగావా, ఏజెంటు చేత అడిగించావా?"

ఏజెంటుకి మెయిల్ పెట్టానన్నాను.

కాసేపాగి, "నా స్థలం కొనుక్కున్నాయన రోజూ పొద్దున పాలకేంద్రం దగ్గర కనపడేవాడురా. అదే ఏ గుంటూరులోనో ఉండుంటే నేనేం చేసేవాణ్ణో నాకూ తెలీదు" అన్నాడు. అంతే. నేను పదేళ్ళపాటు ఒకసారి చేతకానితనం అనీ, ఇంకోసారి ధర్మనిష్ఠ అనీ పేర్లు పెట్టినదాన్ని ఆయన పాలకేంద్రం అన్నాడు.

ఇక్కడ ఇల్లు కొనే పద్ధతిలో కొనేవాడూ అమ్మేవాడూ ఒకరికొకరు ఎదురుపడక్కర్లేదు. ఇల్లు చూపించిన రోజు తప్ప అన్నీ ఏజెంట్ల ద్వారా, సొలిసిటర్ల ద్వారా. తగాదాలు రాకుండా ఉండటానికి అదొక సౌకర్యమే. కానీ డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి ఎదురుగా కూర్చుని, ఆవిడ పెట్టిన టీ తాగుతూ, "మీకు ఇంక గత్యంతరం లేదు కాబట్టి పది వేలు తగ్గించండి" అని నేను అనగలిగేవాణ్ణా? అనలేను. అనలేని మాటని నా బదులు అనిపించడానికి ఒక ఏర్పాటు ఉంది. దానికి కమీషన్ కూడా ఆవిడే కట్టింది.

మాట అనగానే మనకి బలి చక్రవర్తి గుర్తొస్తాడు. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు చెప్పే సలహా ఎంత లౌక్యంగా ఉంటుందో చదివినవాళ్ళకి తెలుసు. ప్రాణం పోయేచోట, డబ్బు పోయేచోట, మానం పోయేచోట బొంకినా పాపం లేదంటాడు. చట్టం తెలిసినవాడు, శిష్యుడి మేలు కోరినవాడు. నాకు సలహా ఇచ్చిన అన్న లాంటివాడే. అయితే ఇప్పుడు మళ్ళీ చదివితే నన్ను ఆపేది శుక్రుడు కాదు, బలి. ఆయన చెప్పే కారణాలన్నీ తన గురించే. పూర్వపు రాజులెవరూ సిరి మూటగట్టుకుపోలేదు, కీర్తే మిగులుతుంది, సాక్షాత్తూ విష్ణువు చెయ్యి కింద, నా చెయ్యి పైన ఉంటుంది. ఎదురుగా ఉన్న పొట్టివాడికి ఏం కావాలో, ఇవ్వకపోతే ఏమవుతాడో ఆ మాటల్లో లేదు. హరిశ్చంద్రుడైనా అంతే. మన మాట నిలుపుకునే కథలు ఎక్కువగా నిలుపుకున్నవాడి గొప్పతనం కథలు. ఒక్క ఆవూ పులీ కథలో మాత్రం అవతలివాడికి ఆకలి ఉంది.

ఈ తేడా నాకు చూపించింది మా ఆవిడ. షవర్ గది సంగతి విన్నప్పటి నుంచీ, ఆ డబ్బు తిరిగి పంపిద్దాం అంటూ వచ్చాను. అనడమే గాని పంపలేదు. నాన్నతో మాట్లాడి వచ్చాక మళ్ళీ అంటే, "ఆవిడ స్నానం కోసమా, నీ నిద్ర కోసమా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. ఆవిడ కోసమే అయితే పక్కింటాయన చెప్పిన మర్నాడే కనుక్కుని ఉండేవాణ్ణి. ఏడాది పైగా నేను చూసుకుంది నా మనసెలా ఉందనే.

ఆవిడ పేరు మీద మా ఇంటికి ఇప్పటికీ ఉత్తరాలొస్తాయి. విత్తనాల కేటలాగులు, కళ్ళద్దాల షాపు రిమైండర్లు. కూతురి చిరునామా రాసి, నెలకోసారి అన్నీ కలిపి పోస్టులో వేస్తాను. ఈ మార్చిలో ఆ కవర్లో నా ఉత్తరం కూడా పెట్టాను. అప్పుడు ధర తగ్గించమనడానికి నాకు సరైన కారణం లేదని, మీకు వేరే దారి లేదని తెలిసే అడిగానని, షవర్ గది ఖర్చు నన్ను పెట్టుకోనివ్వమని. రాయడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. మెయిల్ రాయడానికి పది నిమిషాలు పట్టింది.

జవాబు కూతురు రాసింది. అమ్మ బాగుంది, కౌన్సిల్ సాయంతో షవర్ పెట్టించాం, మీరు అనుకున్నందుకు సంతోషం, డబ్బు అక్కర్లేదు, అప్పుడు అంతా సక్రమంగానే జరిగింది కదా అని. గులాబీలు ఎలా ఉన్నాయని అమ్మ అడగమంది అని చివర్న.

అంతా సక్రమంగానే జరిగింది. మూడేళ్ళు నాకు నేను చెప్పుకున్న మాటని ఆవిడ కూతురు నాకు తిరిగి ఇచ్చింది. క్షమించిందో, తలుపు వేసిందో ఇంగ్లీషువాళ్ళ మర్యాదలో పోల్చుకోవడం కష్టం. తిరిగి ఇచ్చేస్తే బాకీ తీరుతుందనుకున్నాను. తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టమని, అది కూడా నా చేతుల్లో లేదని అప్పుడు తెలిసింది. గులాబీల ఫోటోలు రెండు పంపాను.

కుర్రాడికి మర్నాడు ఫోన్ చేశాను. మెయిల్ పంపనని చెప్పాను. నీతులు చెప్పే అర్హత నాకు లేదు కాబట్టి ఈ కథే చెప్పాను. నిజంగా కొత్త లోపం ఏదైనా బయటపడితే ధర మళ్ళీ మాట్లాడుకోవడం తప్పు కాదు, రేపు నీ ఉద్యోగమే పోతే వెనక్కి తగ్గడమూ తప్పు కాదు, ఆ ఖాళీ అలాంటివాటి కోసమే ఉందన్నాను. "అడగాలనుకుంటే మాత్రం ఏజెంటుకి రాయకు. వాళ్ళింటికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని అడుగు. అలా అడగ్గలిగితే అది అడగదగ్గదే అయ్యుంటుంది" అన్నాను.

"అట్ల ఎవరన్నా అడుగుతారా అన్నా?" అని నవ్వాడు.

పన్నెండో రోజు సాయంత్రం మెసేజ్ వచ్చింది. ఎక్స్‌చేంజ్ అయిపోయిందన్నా, పూజకి మీరందరూ రావాలి అని. ఎంతకి అని రాయలేదు, నేను అడగలేదు. ఇంకో రెండు మూడు నెలల్లో ఆ ధర ల్యాండ్ రిజిస్ట్రీలో కనిపిస్తుంది. వీధి పేరు నాకు తెలుసు. చూడకూడదనే అనుకుంటున్నాను.